చెట్ల లెక్క – వంశముల లెక్క



అలిపిరి పాదాల మండపముకడ నిలిచి కొండవంక చూచువారికి ముందుగా కనబడునది గోపురము, పిమ్మట మెట్లు. ఆ మెట్లకు ఇరుప్రక్కల రాతి సందులలో వేరూని నిలిచిన అడవి చాలమంది కంటికి ఆనదు. యాత్రికుని చూపు మీదికే పోవుట సహజము. అయినను, ఈ శేషాచలము, పాలకొండ, లంకమల, వెలికొండ, వీనికి చేరువనున్న కొన్ని కొండలు తప్ప, ప్రపంచమున మఱెచ్చటను సహజముగా పెరుగని వృక్షమొకటి ఈ చరియలయందు కలదు. అది ఎర్రచందనము. ఆ చెట్టు సంగతియు, దానితో పేరు పంచుకొన్న శ్రీగంధపు సంగతియు, వాని వంశములను నేటి శాస్త్రజ్ఞులు లెక్కగట్టుచున్న తీరును ఈనాటి ప్రసంగమునకు విషయములు.

మొదట పేర్ల చిక్కు తీరవలెను. చందనమనగానే ఒకే జాతిలోని తెలుపు, ఎఱుపు భేదములని పలువురు తలచుదురు. అది సరి కాదు. శ్రీగంధము వేరు కుటుంబము. అది పచ్చని ఆకులు గలిగియు పరాన్నమునకు అలవాటుపడినది. నేలలోపల తన వేళ్లను ప్రక్క చెట్ల వేళ్లకు తగిలించి వాని సారమును కొంత పీల్చుకొని బ్రతుకును. ఎర్రచందనమో చిక్కుడు, కంది చేరిన కుటుంబములోనిది. అడవిలోని వేగిస చెట్టు దానికి దగ్గర చుట్టము. అమరసింహుడు తన నిఘంటువులో రక్తచందనమునకు కుచందనమను పర్యాయపదమును చేర్చినాడు. పరిమళము లేనందుననే కాబోలు ఆ చిన్నచూపు. ఆ కుచందనమే నేడు అంతర్జాతీయ విపణిలో టన్నునకు లక్షల రూపాయలు పలుకుచున్నది. జపానువారు కోటో, షామిసెన్ అను తంత్రీవాద్యముల భాగములకు దీనిని కోరుదురు. తిరుపతిలో దీనితో రాజారాణి బొమ్మలు చెక్కి, పెండ్లికూతునకు ఇచ్చుట, పసిపిల్లల చేతికి ఆటకిచ్చుట పూర్వమునుండి ఉన్నదే. ఆ బొమ్మను చప్పరించి పెరిగిన తరములు ఆ చెట్టునొకపరియైన చూచియుండవు.

గ్రామమున భూమికి అడంగలు ఉన్నది. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణము, ఏ పైరు, ఎవరి అనుభవము అనునవి అందుండును. అడవికిని అట్టి లెక్క కలదు. చెట్లెన్ని, రొమ్మెత్తున చుట్టుకొలత ఎంత అని వ్రాయుదురు. చుట్టుకొలతను బట్టి కలప, కలపను బట్టి ధర. ఈ లెక్కలో పది చెట్లు పదియే. కాని ఆ పదియు ఒకే తల్లి బిడ్డలైనచో? ఒక ఊరిలో వేయి గడపలుండి, ఆ వేయి గడపలును ఇద్దరు అన్నదమ్ముల సంతతియే యైనచో, జనాభా లెక్కలో వేయి అని వ్రాయుదురు; వియ్యమునకు వెదకువానికి మాత్రము రెండే కనబడును. చెట్ల లెక్క ఒకటి, వంశముల లెక్క మఱొకటి. మొదటి లెక్క ఎన్నియో ఏండ్లుగా ఉన్నది. రెండవదానికి దారి చాల తరువాతనే దొరకినది.

వంశభేదము చెట్టుకేల అని అడుగవచ్చును. శ్రీగంధమునకు స్పైక్ అను తెగులు కలదు. ఆకులు చిన్నవై, గుబురై, ముళ్లవలె నిక్కబొడుచుకొని, రెండు మూడేండ్లలో చెట్టు ఎండిపోవును. పందొమ్మిదవ శతాబ్ది చివర కొడగు సీమలో దీనిని గుర్తించిరి. అటుపిమ్మట మైసూరు ప్రాంతపు గంధపుటడవులను ఇది బహుకాలము పీడించినది. దీనికి కారణము ఫైటోప్లాస్మా అను అతిసూక్ష్మజీవి యని తరువాత తేలినది. అట్టి తెగులు వచ్చినప్పుడు అన్ని చెట్లును ఒకే వంశమువైనచో ఒకటి పోయిన త్రోవనే అన్నియు పోవును. వంశములు పెక్కులున్నచో ఏదో ఒకటి నిలుచునన్న ఆశ యుండును. కరవు విషయమునను ఇంతే. మఱియు దగ్గరి చుట్టముల కలయికవలన కాయ తాలుపోవుట, మొలక బలహీనమగుట అడవి చెట్లలో సాధారణముగా కనబడును. ఎర్రచందనపు పూతను గూర్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన పరిశోధకులు 2002లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వ్రాసిరి. చెట్టు విరివిగా పూచును, తేనెటీగలు మూగును, అయినను కాయగట్టునవి బహు కొద్ది. అన్యవృక్షపు పుప్పొడి చేరుట అవసరమైన జాతి యిది. చుట్టుప్రక్కల అన్యవృక్షమే లేకున్నచో ఈగ మాత్రమేమి చేయగలదు?

ఇక కొలుచు విధానము. ప్రతి జీవకణమునందును డి.ఎన్.ఏ. అను పొడవైన దారము కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథము. శ్రీగంధపు గ్రంథమును బెంగళూరు పరిశోధకులు 2018లో ప్రకటించిరి. సుమారు ఇరువదిరెండు కోట్ల అక్షరములుగా తేలినది. ఒకే జాతిలోని రెండు చెట్ల గ్రంథములు చాలమట్టుకు ఒక్కటియే. అక్కడక్కడ మాత్రము పాఠభేదములుండును. తాళపత్ర ప్రతులను పోల్చి చూచువారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. రెండు ప్రతులలో ఒకే విధమైన లేఖకదోషము ఒకే చోట కనబడినచో, రెండును ఒకే మాతృకనుండి దిగినవని పరిష్కర్తలు నిర్ణయింతురు. చెట్ల వంశమును నిర్ణయించు పద్ధతియు అదియే. ఆ పాఠభేదములున్న చోట్లనే అణుగుర్తులని వ్యవహరింతురు.

పని ఇట్లు సాగును. ఒక్కొక్క చెట్టునుండి లేత ఆకులు కొన్ని కోసి, తేమ పీల్చు సిలికా గుళికలతోపాటు సంచిలో వేసి, సంచిపై చెట్టు అంకెయు స్థలమును వ్రాయుదురు. చెట్టునకు హాని లేదు. ప్రయోగశాలలో ఆకును ద్రవరూపపు నత్రజనిలో గడ్డకట్టించి నూరి, రసాయనములతో డి.ఎన్.ఏ.ను వేరుపరచుదురు. అది బహుస్వల్పము. దానిని పెంచు యుక్తిని 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ ములిస్ కనిపెట్టెను. 1993లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. వేడిచేసి దారమును రెండుగా విడదీయుట, చల్లార్చి ఒక్కొక్క పాయకు జత అల్లించుట – ఇంతే. ఒక ఆవృత్తికి ఒకటి రెండగును, రెండవదానికి నాలుగగును. ముప్పది ఆవృత్తులలో ఒకటి నూటయేడు కోట్లను దాటును. చదరంగపు గడులలో గింజలు రెట్టించిన కథ ఎఱిగినవారికి ఈ లెక్క వింత గాదు. అట్లు పెరిగిన తునుకలను జిగురు పలకపై పోసి విద్యుత్తు నడిపినచో, పొట్టి తునుకలు ముందుకు, పొడుగువి వెనుకకు నిలిచి గీతలు గీతలుగా కనబడును. రెండు చెట్ల గీతలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

ఇందును తరతమములున్నవి. మొదట వాడినది ఐసోజైములను ప్రోటీన్ల పోలిక. 1990లో ఆర్.ఎ.పి.డి. అను పద్ధతి వచ్చినది. పది అక్షరముల చిన్న తునుకతో గ్రంథమున ఎక్కడ తగిలిన అక్కడ పెంచుట దాని తీరు. ఖర్చు తక్కువ, ముందుగా ఆ జాతి గ్రంథము తెలియనక్కరలేదు. కనుకనే భారతదేశపు ప్రయోగశాలలలో అనేక వృక్షముల తొలి పరిశీలనలు దీనితోనే జరిగినవి. ఎర్రచందనమును హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు ఈ పద్ధతితోనే పరిశీలించిరి. అయితే ఒక ప్రయోగశాలలో వచ్చిన గీతలు మఱొకచోట అట్లే వచ్చునన్న భరోసా దీనిలో తక్కువ. తల్లినుండి వచ్చినదేదో తండ్రినుండి వచ్చినదేదో కూడ ఇది విడదీసి చూపదు. మైక్రోశాటిలైట్లు ఇంతకంటె నమ్మదగినవి. గ్రంథమున రెండు మూడు అక్షరములు జపమువలె పునరుక్తమగు చోట్లవి. ఒక చెట్టులో ఆ జపము పదునొకండు మారులు, మఱొకదానిలో పదునాలుగు మారులు ఉండవచ్చును. ప్రతి చెట్టునందును ఇట్టివి తల్లి వంతొకటి, తండ్రి వంతొకటి ఉండును గనుక, ఒక మొలకను చూచి ఇది ఫలాని చెట్టు సంతానము కాదని ఖండితముగా చెప్పవచ్చును. దాయభాగపు తగవులకు పనికివచ్చు సాక్ష్యమిది.

వేఱొక విశేషము. ఆకునకు పచ్చదనమిచ్చు హరితరేణువులలో ప్రత్యేకముగా ఒక చిన్న డి.ఎన్.ఏ. కలదు. పూచు మొక్కలలో సాధారణముగా అది తల్లినుండియే సంక్రమించును. మనుష్యులలో గోత్రము తండ్రివలన వచ్చును. చెట్లలో ఈ గోత్రము తల్లివలన వచ్చునన్నమాట. పుప్పొడిని ఈగ దూరము మోయగలదు. ఎర్రచందనపు కాయకు చుట్టును రెక్క యున్నను, బరువైన నడిమి గింజతో అది గాలిలో ఎంతో దూరము పోజాలదు. కావున తల్లిగోత్రములు కొండకొండకు వేఱుపడి నిలిచియుండుట న్యాయము. ఒక కొండచరియ పూర్తిగా కొట్టివేయబడినచో పోవునది కలప మాత్రమే కాదు. ఆ చరియకే పరిమితమైన గోత్రమొకటి పోవచ్చును. ప్రక్క కొండనుండి పుప్పొడి వచ్చినను ఆ లోటు తీరదు.

ఈ కొలతలవలన ఏమి తెలిసినదో శ్రీగంధపు ఉదాహరణములు కొన్ని చూడవలెను. గంధపు చెట్టు గింజవలననే గాక వేరునుండి లేచిన పిలకలవలన కూడ వ్యాపించును. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున దీని చుట్టమైన ఒక గంధపు జాతి అక్కడక్కడ చిన్న గుంపులుగా మిగిలియున్నది. 2000లో ప్రకటించిన పరిశోధనలో గుర్తులు పోల్చి చూడగా, గుంపుగా కనబడినది పలుచోట్ల ఒకే మొక్క వేళ్లనుండి లేచిన పిలకల సమూహమని తేలినది. అవి గింజ కట్టుట లేదు. అడంగలు వ్రాయువాడు అక్కడ పదుల సంఖ్య వేయును. వంశావళి వ్రాయువాడు ఒకటి అని వ్రాసి ఊరకుండవలెను. అదే దేశపు పశ్చిమభాగమున కునునుర్రా అను చోట నదీజలములతో మన గంధపు చెట్టునే వేల హెక్టారులలో పెంచుచున్నారు. ఆ తోటలకు మూలమైన సేకరణలోని రెండువందలకు పైగా చెట్లను పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితము, వానిలో వైవిధ్యము మిక్కిలి తక్కువయని. చెట్లు పచ్చగానే ఉన్నవి, నీరు పుష్కలము. పునాది మాత్రము ఇరుకు.

స్వదేశమున బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన గణేశయ్య, ఉమాశంకర్ గార్లును వారి సహచరులును దక్షిణాపథమంతట గంధపు చెట్టున్న తావులను పటముమీద గుర్తించి, ఐసోజైములతో వైవిధ్యమును కొలిచి, ఎచ్చట అది అధికమో ఆ చోటులనే ముందుగా కాపాడవలెనని 2007లో ప్రతిపాదించిరి. అడవినంతటిని ఒకే తీరున కాపాడు శక్తి ఏ ప్రభుత్వమునకును లేదు. కావలివాడొక్కడే యున్నప్పుడు ఏ గుమ్మముకడ నిలుపవలెనో చెప్పునది ఈ రెండవ లెక్క. ఇంత శ్రమకు తగిన వ్యావహారిక ఫలము అదియే.

శ్రీగంధము ఇంతగా క్షీణించుటకు దొంగలొక్కరే కారణమనుట సగము మాట. 1792లో టిప్పు సుల్తాను దానిని రాజవృక్షముగా ప్రకటించెను. తరువాతి ప్రభుత్వములును ఆ హక్కును వదలలేదు. స్వంత పొలములో మొలచినను చెట్టు ప్రభుత్వముది. కాపాడు బాధ్యత మాత్రము రైతుది. అట్టి మొక్క గట్టుమీద కనబడగానే రహస్యముగా పెరికివేయుటలో ఆశ్చర్యమేమున్నది? కర్ణాటకలో 2001లోను, తమిళనాడులో 2002లోను చట్టము సడలి చెట్టు రైతునకు దక్కినది. ఈ రెండు శతాబ్దుల నడుమ రైతుల గట్లమీద ఎన్ని వంశములు అంతరించెనో ఏ దస్త్రమునందును లేదు.

ఎర్రచందనపు చరిత్ర ఇంకను దారుణమైనది. 1995లో అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒడంబడికలోని రెండవ పట్టికకు ఎక్కినది. శేషాచలము 2010లో జీవావరణ రక్షితప్రాంతమైనది. విస్తీర్ణము సుమారు 4,756 చదరపు కిలోమీటరులు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘము 2018లో ఈ చెట్టును ఆపదకు చేరువలోనున్న తరగతికి దించి, 2021లో మరల ఆపన్న తరగతికే చేర్చినది. ఈ కాగితముల వెనుక మనుష్యుల ప్రాణములున్నవి. 2015 ఏప్రిల్ 7వ తేదీన ఈ అడవియందే తమిళనాడునుండి వచ్చిన ఇరువదిమంది కూలీలు పోలీసు కాల్పులలో మరణించిరి. ఆ దుంగలను కొని ఓడలకెక్కించువారు ఆ జాబితాలో లేరు.

దొంగ గొడ్డలి గ్రుడ్డిది కాదు. చేవ దేరిన, సూటిగా పెరిగిన, లావైన మానునే అది వెదకును. అట్టి మానులు పోగా గింజ రాల్చుటకు మిగులునవి వంకరవి, బక్కవి, చేవ పట్టనివి. ఏండ్ల తరబడి ఇట్లు సాగినచో రాబోవు తరమునకు ఎట్టి బీజము దక్కునని వృక్షశాస్త్రజ్ఞుల భయము. ఇందొక చిక్కుముడి యున్నది. కలపలో అలలవలె మెలిదిరిగిన గీతలున్న దుంగకు విదేశములలో గిరాకి ఎక్కువ. ఆ అలలు వంశమువలన వచ్చునా, రాతినేలయందలి బాధవలన వచ్చునా అనునది తేలని వివాదము. వెలుపలినుండి చూచి చెప్పుటకు వీలులేదు. అణుగుర్తులతో దీనిని ముడిపెట్టి చూపగలిగినచో నర్సరీ మొక్కనాడే మేలిరకమును ఏరవచ్చును. ఆ సంగతి తేలకముందే మేలిరకపు మొక్కలని చెప్పి అధిక ధరకు అమ్మువారి మాట నమ్ముట రైతునకు క్షేమము కాదు.

ఇంతలో ఒక ఊరట. ఎర్రచందనము నరికిన మొద్దునుండి మరల పిలకలు వేయు స్వభావము గలది. మాను పోయినను వేరు మిగిలినచో ఆ వంశమక్కడ నిలిచియున్నట్లే. ఆ పిలక ఆకులోని గ్రంథమును, దొంగిలించిన దుంగలోని గ్రంథమును ఒక్క అక్షరమైన తేడా లేనివి. అనగా పట్టుబడిన దుంగకు అడవిలో సాక్షి సజీవముగా ఉన్నాడు. వేగిస కలపను ఎర్రచందనమునుండి వేఱుపరచుట డి.ఎన్.ఏ.కు కష్టము కాదు. ఈ దుంగ ఫలాని మొద్దుదే యని చూపుటయు సిద్ధాంతరీత్యా సాధ్యమే. కాని వార్తాపత్రికలు దీనిని అప్పుడే చేతికందిన అస్త్రముగా వర్ణించుట తొందరపాటు. చేవలోని కణములు మృతములు, వానిలో డి.ఎన్.ఏ. ఛిన్నాభిన్నమై యుండును. పైనుండు తెల్లకట్టెలో, బెరడులో దొరకును గాని, దొంగలు ఆ పొరను చెక్కివేసి చేవను మాత్రమే మోసికొని పోవుదురు. అంతకంటె ముఖ్యముగా, పోల్చి చూచుటకు కొండకొండ చెట్ల గుర్తులతో ముందే సిద్ధముచేసిన ఒక చిట్టా ఉండవలెను. మూలప్రతి లేని నకలును ఏ న్యాయస్థానము అంగీకరించును?

నేడు పట్టాభూములలో ఎర్రచందనము, శ్రీగంధము నాటువారు పెరుగుచున్నారు. చేవ పట్టి ధర పలుకుటకు ఎర్రచందనమునకు పాతిక, ముప్పది ఏండ్లు పట్టును. ఇంతకాలము నిలువవలసిన తోటకు బీజమెక్కడిదో అడుగువారు కానరారు. లక్ష మొక్కలు నాటితిమన్న ప్రకటన వినుటకు ఇంపుగానే ఉండును. ఆ లక్షయు త్రోవప్రక్కనున్న రెండు మూడు చెట్ల క్రింద ఊడ్చి తెచ్చిన కాయలనుండి వచ్చినవైనచో, అవి లక్ష మొక్కలే గాని రెండు మూడు సంసారములు. అట్టి తోట పుప్పొడి గాలినిబట్టి, ఈగనుబట్టి అడవిలోనికిని పోవును. అందుచేత రైతు పొరపాటు రైతుతోనే ఆగదు.

దీనికి ప్రయోగశాల అవసరము లేని ఉపాయము ఒకటి వృక్షబీజశాస్త్రమున ఏనాటినుండియో వాడుకలోనున్నది. ఎర్రచందనపు కాయలు మాఘ ఫాల్గుణముల నాటికి ముదురును. అప్పుడు ఒకే చెట్టునుండి బస్తా నింపక, కనీసము ఇరువదియైదు తల్లిచెట్లనుండి సమానముగా కాయలు తీయవలెను. ఒక తల్లికిని మఱొక తల్లికిని నూరు మీటరుల యెడముండవలెను. దగ్గరగానున్నవి తోబుట్టువులై యుండుట సాధారణము. రక్షితారణ్యమున అటవీశాఖవారి అనుమతి లేనిదే కాయను తాకరాదు. కనుక ఈ సేకరణ వారి చేతిమీదుగా, లేదా అనుమతి పొందిన నర్సరీలవలన జరుగవలెను. ఒక్కొక్క చెట్టు కాయలు ఒక్కొక్క సంచిలో వేఱుగా ఉంచి, దానిపై తల్లిచెట్టు అంకె, కొండ పేరు, ఎత్తు, తేదీ వ్రాయవలెను. కాయల మొలక సగమునకు లోబడుట తఱచు గనుక ఏ తల్లి గింజలెన్ని మొలచెనో కూడ ప్రక్కన గుర్తించవలెను. నారుమడిలో ఆ అంకెలను చెరిపివేయక, మొక్కతోపాటు రైతునకు చీటి ఇచ్చినచో, ఇరువది ఏండ్ల తరువాత ఎవరైన శాస్త్రజ్ఞుడు ఆ తోటకు వచ్చి నాలుగాకులు కోసి అడిగినప్పుడు, ఈ వరుస ఏ కొండదో, ఏ తల్లిదో చూపుటకు పొలములోనే దస్త్రముండును.